ఆర్ట్స్ చదువు కూడు పెడుతుందా?



పదో తరగతి ఫలితాలు వచ్చాయంటే మన ఇళ్లలో ఒకటే హడావుడి. మార్కులెన్ని అని అడిగిన నోటితోనే, ఏ గ్రూపు అని కూడా అడుగుతారు. ఎంపీసీ అంటే అడిగినవాళ్ల మొహం విప్పారుతుంది. బైపీసీ అంటే ఇంట్లోకి డాక్టరు వచ్చేసినట్టే. ఎంఈసీ, సీఈసీ అంటే, పోనీలే, సీఏ చేస్తుందేమో అని సరిపెట్టుకుంటారు. హెచ్‌ఈసీ తీసుకుంటానని పిల్ల తనంతట తాను చెప్పిందా, ఒక్క నిమిషం మాటలాగిపోతాయి. ‘అదేమిటమ్మా, మార్కులు తక్కువొచ్చాయా?’ అని మెల్లిగా అడుగుతారు. చరిత్ర, అర్థశాస్త్రం, పౌరశాస్త్రం ఇష్టపడి చదివేవాళ్లు ఉంటారని మనకు తోచదు. వేరే సీటు దొరకనివాళ్లకు మిగిలేది ఆర్ట్స్ అని మన లెక్క.

ఈ లెక్క ఎంతవరకు సరైనది? బతుకుతెరువు దగ్గర ఆర్ట్స్ చదువు విలువెంత, టెక్నికల్ చదువు విలువెంత? ఈ పూట దీని గురించి మాట్లాడుకుందాం.

ముందుగా ఒక వింత చెబుతాను. హైదరాబాదులో ఆర్టీసీ క్రాస్ రోడ్స్ నుంచి అశోక్‌నగర్ వైపు నడవండి. ఎటు చూసినా కోచింగ్ సెంటర్ల బోర్డులు, స్టడీ హాళ్లు, హాస్టళ్లు, జిరాక్స్ షాపులు. ఒక జిరాక్స్ షాపు ముందు కాసేపు నిలబడితే చాలు. అక్కడ చేతులు మారే కాగితాల కట్టలేమిటో తెలుస్తుంది. భారత రాజ్యాంగం, ఆధునిక భారత చరిత్ర, తెలంగాణ ఉద్యమ చరిత్ర, ఆర్థిక సర్వే, సమాజ నిర్మాణం. ఆ కట్టలు మోసుకుపోతున్నవాళ్లలో బీటెక్ పట్టా ఉన్నవాళ్లు కోకొల్లలు. పదహారేళ్లప్పుడు హెచ్‌ఈసీ వైపు కన్నెత్తి చూడనివాళ్లే, బీటెక్ అయ్యాక అద్దెగది తీసుకుని, ఫీజు కట్టి, గ్రూప్స్ ఉద్యోగాల కోసం అవే పాఠాలు మొదటినుంచి చదువుతున్నారు.

సివిల్స్ సంగతీ అంతే. మెయిన్స్‌లో వ్యాసానికి 250 మార్కులు. 2013 నుంచి నైతికత మీద ప్రత్యేకంగా ఒక పేపరు పెట్టారు, దానికి మరో 250. 2017 సివిల్స్‌లో దేశంలో మొదటి ర్యాంకు తెచ్చుకున్న మెట్‌పల్లి యువకుడు దురిశెట్టి అనుదీప్ బిట్స్ పిలానీలో ఇంజనీరింగ్ చదివారు. సివిల్స్‌కి ఆయన ఎంచుకున్న ఆప్షనల్ మాత్రం ఆంత్రపాలజీ. దేశాన్ని నడిపే పనికి మనుషుల్ని ఎంచుకునేటప్పుడు, సమాజం గురించి ఏం తెలుసు, దాన్ని పేజీ మీద ఎలా పెట్టగలరు అన్నదే పరీక్షిస్తున్నారు. పనికిరాదనుకున్న చదువు మీద ఇంత పెద్ద ఉద్యోగాలు ఆధారపడి ఉన్నాయి.

అలాగని టెక్నికల్ చదువును తక్కువ చేసి మాట్లాడితే కళ్లు పోతాయి. మన రెండు రాష్ట్రాల్లో అది చేసిన మేలు చిన్నది కాదు. వానల్లేని ఊళ్లో నాలుగెకరాల మెట్టతో బతికిన ఇంటి పిల్లలు, అక్షరం రాని తల్లిదండ్రుల పిల్లలు, ఇంజనీరింగ్ చదివి బెంగళూరు వెళ్లారు, అమెరికా వెళ్లారు, ఊళ్లో డాబా కట్టారు, చెల్లెలి పెళ్లి చేశారు, అప్పులు తీర్చారు. ఫీజు రీయింబర్స్‌మెంటు వచ్చాక చదువు మెట్టెక్కిన కుటుంబాలు మరెన్నో. కూడు, గూడు, గౌరవం ఒకే పట్టాతో తెచ్చిన చదువు అది. ఒక తండ్రి తన కొడుకుని ఎంపీసీలో చేర్పించడం వెనక ఆశే కాదు, అనుభవం కూడా ఉంది. పక్కింటి కుర్రాడి జీతం ఆయన కళ్లారా చూశాడు. ఆ తండ్రిని తప్పుపట్టే హక్కు మనకు లేదు.

తప్పు వేరేచోట ఉంది. టెక్నికల్ చదువు, ఆర్ట్స్ చదువు ఎప్పుడూ ఎడమొహం పెడమొహంగానే ఉన్నాయని మనం నమ్ముతున్నాం. వాటి మధ్య గోడ ఎప్పటినుంచో ఉన్నది కాదు.

మన పాతవాళ్లు చెప్పిన 64 కళలనే చూడండి. వాత్స్యాయనుడు ఇచ్చిన జాబితాలో గీతం, వాద్యం, నృత్యం ఉన్నాయి. వాటి పక్కనే వడ్రంగం ఉంది, వాస్తువిద్య ఉంది, రత్నపరీక్ష ఉంది, ధాతువాదం ఉంది. వాటి పక్కనే దేశభాషల జ్ఞానం ఉంది, సమస్యాపూరణం ఉంది. అవధానంలో పృచ్ఛకుడు విసిరే సమస్యను పూరించడం, చెక్కను చిత్రికపట్టడం, లోహాన్ని పరీక్షించడం అన్నీ ఒకే వరసలో. 2020 జాతీయ విద్యావిధానం కూడా బాణభట్టుడి కాదంబరిని తలుచుకుంటూ ఈ 64 కళల మాట ఎత్తింది. ఐరోపాలో మధ్యయుగాల నాటి లిబరల్ ఆర్ట్స్ ఏడింటిలోనూ వ్యాకరణం, తర్కం, వక్తృత్వంతో పాటు అంకగణితం, రేఖాగణితం, సంగీతం, ఖగోళం ఉన్నాయి. ఇవాళ మనం ఆర్ట్స్‌కి ఎదురుగా నిలబెడుతున్న లెక్కలు అప్పట్లో ఆ ఇంటివే.

అంత వెనక్కి ఎందుకు? విశాఖపట్నంలో బడి చదువు చదివిన సి.వి. రామన్, మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో 1904లో ఫిజిక్స్‌తో అందుకున్న డిగ్రీ పేరు బీఏ. మన పక్క మోక్షగుండం గ్రామం నుంచి మైసూరు సీమకు వెళ్లిన కుటుంబంలో పుట్టిన విశ్వేశ్వరయ్య కూడా మొదట బెంగళూరు సెంట్రల్ కాలేజీలో బీఏ చదివారు. ట్యూషన్లు చెప్పుకుంటూ చదువుకున్నారు. ఆ తర్వాతే పుణెలో సివిల్ ఇంజనీరింగ్.

విశ్వేశ్వరయ్య మాట వచ్చింది కాబట్టి హైదరాబాదు కథ కొంచెం వివరంగా చెప్పుకుందాం. మన చర్చకు ఇంతకంటే మంచి పాఠం దొరకదు.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగింది. ఎగువన చెరువుల కట్టలు ఒకదాని వెంట ఒకటి తెగాయి. వేల మంది కొట్టుకుపోయారు. నిజాం ప్రభుత్వం పిలుపు మీద మరుసటి ఏడాది విశ్వేశ్వరయ్య నగరానికి వచ్చారు. నదికి గట్లు ఎత్తు చేసి చేతులు దులుపుకుని వెళ్లిపోలేదు. ఎగువన మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి జలాశయాలు కట్టాలన్నారు. నగరంలో నది ఒడ్డున గోడలు, తోటలు రావాలన్నారు. మురుగు పారుదల వ్యవస్థ కావాలన్నారు. వరద వచ్చింది నదికే అయినా, ఆయన చూసింది నగరాన్ని. జనం ఎక్కడ ఉంటున్నారు, ఎలా తిరుగుతున్నారు, వాళ్ల మురుగు ఎటు పోతోంది అన్నది కూడా ఆయన నివేదికలో భాగమే. మనం గండిపేట అని పిలిచే ఉస్మాన్ సాగర్ 1920లో, హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. మనం గండిపేట నీళ్లు తాగామని గొప్పగా చెప్పుకునేది ఆ పని వల్లే.

ఇంతవరకు ఇంజనీరింగ్ ఘనత. ఇక రెండో సగం వినండి. జలాశయం కట్టడం ఒక ఎత్తు, అందులోకి నీళ్లు వచ్చే దారిని కాపాడుకోవడం మరో ఎత్తు. నగరం పెరిగింది. ఎగువన లేఅవుట్లు, ఫారం హౌసులు, ఫ్యాక్టరీలు వస్తాయన్న భయం పట్టుకుంది. 1996లో ప్రభుత్వం 111 నంబరు జీవో తెచ్చింది. రెండు జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర, 84 గ్రామాల్లో నిర్మాణాల మీద ఆంక్షలు పెట్టింది. జలాశయాలు కట్టింది సిమెంటూ రాయీ అయితే, దశాబ్దాలుగా వాటికి కాపలా కాసింది ఒక చట్టపు కాగితం.

ఆ కాగితంతో కథ ముగియలేదు. ఆ 84 గ్రామాల రైతులు ఒక బాధ చెప్పుకుంటూ వచ్చారు. పక్క ఊళ్లో ఎకరం కోట్లు పలుకుతుంటే, మా భూమికి మాత్రం ధర ఎందుకు రాకూడదు? నగరం నీళ్ల కోసం మేమెందుకు నష్టపోవాలి? న్యాయమైన ప్రశ్నే. జవాబేది? ఆ నష్టాన్ని ఎలా కొలవాలి, ఎవరు పూరించాలి, చట్టం ఎంతవరకు కట్టడి చేయగలదు, రేపటి తరం నీటికి ఇవాళ్టి రైతు ఎంత చెల్లించాలి? ఇవి అర్థశాస్త్రం ప్రశ్నలు, న్యాయశాస్త్రం ప్రశ్నలు, రాజనీతి ప్రశ్నలు. ఏ స్ట్రక్చరల్ డిజైన్ పుస్తకంలోనూ వీటికి సూత్రం ఉండదు. 2000లో, మళ్లీ 2020లో హైదరాబాదు మునిగినప్పుడు మనకు కాంక్రీటు తెలియక మునగలేదు. చెరువు ఎక్కడుందో పాత పటాల్లో ఉంది. నాలా వెడల్పు ఎంతో రికార్డుల్లో ఉంది. చదివినవాళ్లు తక్కువ, చదివి నిలదీసినవాళ్లు ఇంకా తక్కువ.

ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలంటే మీ ఊరి రేషన్ షాపుకి వెళ్లండి. కౌంటరు మీద ఈపాస్ యంత్రం ఉంటుంది. కార్డు నంబరు కొట్టి వేలు పెట్టమంటారు. వేలిముద్ర సరిపోలితే బియ్యం. యంత్రంలో లోపమేమీ లేదు, చెప్పిన పని చేస్తుంది. కానీ వరుసలో ఒక పెద్దావిడ ఉంటుంది. ఏళ్ల తరబడి నాట్లు వేసి, కలుపు తీసి, గిన్నెలు తోమిన చేతులు. వేలి చివర గీతలు అరిగిపోయాయి. బొటనవేలు పెడుతుంది, కాదంటుంది. చూపుడువేలు పెడుతుంది, కాదంటుంది. కొంగుతో తుడుచుకుని మళ్లీ పెడుతుంది. డీలరు, ‘రేపు రా పెద్దమ్మా’ అంటాడు. రేపు కూలి పోతుంది.

దొంగ కార్డులు అరికట్టాలన్న ఉద్దేశం మంచిదే. తర్వాత కనుపాపతో గుర్తించే పద్ధతి, ఫోనుకు ఓటీపీ పంపే పద్ధతి కూడా తెచ్చారు. అయితే కూలి చేసుకునేవాళ్ల వేళ్లు అరిగిపోతాయని ముందే తెలుసుకోవడానికి ప్రయోగశాల అక్కర్లేదు. యంత్రం డిజైను చేసేవాళ్ల బల్ల దగ్గర, పల్లెలో తిరిగి జనంతో మాట్లాడే అలవాటున్న ఒక్క మనిషి కూర్చుంటే చాలు. సామాజిక శాస్త్రం చదివిన విద్యార్థికి క్షేత్రపర్యటన నేర్పేది ఆ పనికే. ఆ చదువుకు విలువ ఎంత అని అడిగితే, ఆ పెద్దావిడ ఒక రోజు కూలి నుంచి లెక్క మొదలుపెట్టాలి.

ఇక భాష చదువు సంగతి. భాషాశాస్త్రం చదివి ఏం చేస్తారు అని వెక్కిరించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లకో జవాబు ఉంది. భాషాశాస్త్రవేత్త ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి ఆధ్వర్యంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ మాండలిక వృత్తి పదకోశం మొదలుపెట్టింది. 1962లో వచ్చిన మొదటి సంపుటం వ్యవసాయానిది. 1971లో వచ్చిన రెండోది చేనేతది. పరిశోధకులు జిల్లాలు తిరిగి, రైతు పక్కన కూర్చుని, నాగలిలో ఏ భాగాన్ని ఏమంటారో అడిగి రాసుకున్నారు. మేడి, నొగ, కర్రు, కాడి అని ఒకచోట చెబితే, ఇంకోచోట వేరే మాటలు చెప్పారు. అన్నీ రాసుకున్నారు. ట్రాక్టర్లొచ్చి నాగళ్లు అటకెక్కిన ఈ రోజున ఆ సంపుటాలు లేకపోతే ఒక సాంకేతిక పరిజ్ఞానం జాడ కూడా మిగిలేది కాదు. రైతుకు, నేతగాడికి వాళ్ల మాటల్లోనే ఏదైనా చెప్పాలనుకున్నవాళ్లకు ఇవాళ్టికీ అదే ఆధారం.

అదే భాషాశాస్త్రం కంప్యూటర్లోకీ వెళ్లింది. కాన్పూరు ఐఐటీలో మొదలై తర్వాత హైదరాబాదుకు చేరిన ‘అనుసారక’ అనే యంత్రానువాద ప్రయత్నం పాణిని వ్యాకరణ సంప్రదాయాన్ని పునాదిగా తీసుకుంది. 1998లో మొదలైన హైదరాబాదు ట్రిపుల్ ఐటీలో భాషా సాంకేతికతకు ప్రత్యేక పరిశోధనా కేంద్రం ఉంది. కంప్యూటర్ సైన్సును, మానవ శాస్త్రాలను కలిపి చదివే కోర్సు కూడా అక్కడ ఉంది. ఇప్పుడు యంత్రాలే ప్రోగ్రాములు రాసిపెడుతున్నాయి. వాటికి ఏం కావాలో తప్పుల్లేకుండా, తికమక లేకుండా చెప్పగలిగినవాళ్లకే పని దొరికే రోజులివి. అది రాయడం వచ్చినవాళ్ల పని.

మరి ఇంత విలువ ఉంటే బీఏ చదివిన కుర్రాడికి ఉద్యోగం ఎందుకు రావడం లేదు అని మీరు అడుగుతారు. అడగాల్సిందే. ఇక్కడ ఆర్ట్స్ వైపు మనుషులం మొహమాటం లేకుండా మాట్లాడుకోవాలి. మనం బీఏ చెబుతున్న తీరు బాగాలేదు. పరీక్షకు పది రోజుల ముందు ఆల్ ఇన్ వన్ కొని, ఇంపార్టెంట్ ప్రశ్నలు బట్టీపట్టి, పాసై బయటపడే చదువుకు లిబరల్ ఆర్ట్స్ అన్న పేరు దండగ. చరిత్ర డిగ్రీ చేతిలో ఉంటుంది, తమ ఊరి గుడి ముందున్న శాసనం ఏ రాజుదో తెలియదు. ఎకనామిక్స్ చదివి ఉంటారు, పంచాయతీ బడ్జెట్టు కాగితం చేతికిస్తే ఎటు చదవాలో తెలియదు. పొలిటికల్ సైన్సు పట్టా ఉంటుంది, సమాచార హక్కు కింద ఒక్క దరఖాస్తు రాసి ఉండరు. తెలుగు ఎంఏ చేసినవాళ్లు ఒక పత్రికా ప్రకటన తప్పుల్లేకుండా రాయలేకపోతే, ఎవరు మాత్రం పనిస్తారు? ఆర్ట్స్ చదువు విలువ చదవడంలో, రాయడంలో, వాదించడంలో, మనుషుల మధ్య తిరిగి తెలుసుకోవడంలో ఉంది. ఆ నాలుగూ తీసేస్తే మిగిలేది కాగితమే.

ఇంజనీరింగ్ వైపు లోపమూ దీనికి జోడీయే. ఇంటర్మీడియెట్‌లో మార్కులు తేలిగ్గా పడతాయని తెలుగు వదిలేసి సంస్కృతం తీసుకుంటారు, అదీ భాష మీద ప్రేమతో కాదు. రెండేళ్లు పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ. ఒక్క కథ చదవరు, ఒక్క పేజీ సొంతంగా రాయరు. నాలుగేళ్ల తర్వాత క్యాంపస్ ఇంటర్వ్యూలో, ‘నువ్వు చేసిన ప్రాజెక్టు ఏమిటో నాలుగు మాటల్లో చెప్పు’ అంటే తెలుగులోనూ రాదు, ఇంగ్లీషులోనూ రాదు. తెలివి లేక కాదు, చెప్పే అలవాటు ఎవరూ చేయించక. ఇక్కడో విడ్డూరం ఉంది. ఏ ఐఐటీ సీటు కోసం ఇవన్నీ మాన్పిస్తున్నారో, ఆ ఐఐటీల్లోనే మానవీయ శాస్త్రాల విభాగాలున్నాయి. సంగారెడ్డి దగ్గర కందిలో ఉన్న హైదరాబాదు ఐఐటీలో ఏకంగా లిబరల్ ఆర్ట్స్ పేరుతోనే ఒక విభాగం నడుస్తోంది.

కాబట్టి నా తీర్పు ఇది. రెండు చదువుల్లో ఏది గొప్పది అన్న పోటీలో పస లేదు. మొదటి ఉద్యోగం త్వరగా తెచ్చేది చాలాసార్లు టెక్నికల్ చదువే. అది ఒప్పుకుందాం. ఆ ఉద్యోగంలో పైకి రావడానికి, పదేళ్లకు ఆ నైపుణ్యం పాతబడితే కొత్తది నేర్చుకోవడానికి, పదిమందిని ఒప్పించి పని చేయించడానికి ఆర్ట్స్ నేర్పే విద్యలు కావాలి. ఒకటి వచ్చి రెండోది రానివాడు ఎక్కడో ఒకచోట ఆగిపోతాడు.

ఇప్పుడు ఎవరేం చేయవచ్చో చెప్పి ముగిస్తాను.

ఇంజనీరింగ్, పాలిటెక్నిక్ విద్యార్థులకు. వారానికి ఒక పేజీ రాయండి. ఆ వారం మీరు నేర్చుకున్న ఒక విషయాన్ని మీ అమ్మమ్మకు అర్థమయ్యేలా తెలుగులో రాసి, ఆమెకు చదివి వినిపించండి. ఆమె అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పగలిగితే మీకు ఆ విషయం వచ్చినట్టు. అదే పేజీని ఇంగ్లీషులో కూడా రాయండి. సెమిస్టరుకో మంచి పుస్తకం, నవలో చరిత్రో, పూర్తిగా చదవండి.

ఆర్ట్స్ విద్యార్థులకు. లెక్కలంటే భయపడి ఈ గ్రూపుకి వచ్చామని చెప్పుకోవడం మానండి. గణాంకశాస్త్రం నేర్చుకోండి. కంప్యూటర్లో పట్టిక వేయడం, దాని నుంచి ఒక నిజం లాగడం నేర్చుకోండి. మీ ఊరి చెరువు గురించో, సంత గురించో, వలసల గురించో సొంతంగా తిరిగి పది పేజీల నివేదిక తయారుచేయండి. ఉద్యోగానికి వెళ్లినప్పుడు మార్కుల మెమో పక్కన అది పెట్టండి.

లెక్చరర్లకు. పరీక్షలో రాని పని ఒక్కటైనా విద్యార్థి చేత చేయించండి. శాసనం చదివించండి, గ్రామసభకు పంపండి, చర్చ పెట్టండి.

చివరగా తల్లిదండ్రులకు. కాలేజీలో ఫీజు కట్టే ముందు రెండే అడగండి. లైబ్రరీ ఎక్కడుంది, చూపించండి అని ఒకటి. ఒక్కో సబ్జెక్టుకు అది చదువుకున్న లెక్చరరు పూర్తికాలం ఉన్నారా అని రెండోది. లైబ్రరీ గదికి తాళం వేసి ఉన్నా, రెండో ప్రశ్నకు జవాబు నసిగినా, ఆ కాలేజీలో ఎంపీసీ అయినా హెచ్‌ఈసీ అయినా మీ డబ్బు దండగ. వేరే కాలేజీ చూసుకోండి.